‘లేదు’ కాదు, ‘నా దగ్గర లేదు’



ఇల్లు మారిన రోజు ఎవరికైనా గుర్తుండిపోతుంది. తెల్లవారకముందే కొత్తింటికి వెళ్ళి పాలు పొంగిస్తాం. పొంగిన క్షణం నుంచి మన ఇల్లు అదే. కానీ బియ్యం డబ్బా ఇంకా పాతింట్లోనే ఉంటుంది. గ్యాస్ బండ అక్కడికి చేరుతుంది, లైటరు ఇక్కడ మిగిలిపోతుంది. పిల్లల పుస్తకాలు ఒక ట్రిప్పులో వెళ్ళాయి, స్కూలు బ్యాగులు ఇంకా వెళ్ళలేదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఊరి నుంచి బాబాయి దిగుతాడు. తన సంచీ ఒకటి పోయినసారి మన ఇంట్లో మరచిపోయాడు, దానికోసం వచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది పాత చిరునామా. ఆటో దిగి పాతింటి తలుపు తడతాడు.

తలుపు తీసిన మనిషి ఆయనతో మూడు రకాలుగా మాట్లాడవచ్చు. ‘అలాంటి సంచీ ఏదీ లేదండీ’ అనవచ్చు. ‘వాళ్ళు ఇల్లు మారిపోయారు బాబాయ్ గారూ, ఇకమీదట ఫలానా వీధికే వెళ్ళండి’ అనవచ్చు. లేదా, ‘సామాను ఇంకా మారుస్తున్నాం. మీ సంచీ ఇక్కడ కనబడలేదు. ఈ ఒక్కదానికి అక్కడ అడిగి చూడండి. ఇంకేమైనా కావాలంటే మాత్రం ముందు ఇక్కడికే రండి’ అనవచ్చు. మూడూ మర్యాదగానే వినిపిస్తాయి. మొదటి మాట మాత్రం బాబాయిని ఉత్త చేతులతో తిరుగు బస్సెక్కిస్తుంది.

ఈరోజు నేను చెప్పబోయేదంతా ఈ మూడు జవాబుల గురించే. అయితే ఇళ్ళ గురించి కాదు. మన ఫోన్లలోని సందేశాలు, ఖాతాలు, రిజర్వేషన్లు, ఫోటోలు దాచిపెట్టే కంప్యూటర్ల గురించి. ఈ సమాచారం ఏ ఒక్క యంత్రంలోనూ పట్టదు. పదుల, వందల సర్వర్లు దాన్ని పంచుకుని మోస్తాయి. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ ప్రాంతం ఒకటి హైదరాబాదులోనే ప్రారంభించింది. అలాంటి చోట్ల సర్వర్లు చేరుతూ ఉంటాయి, పాడవుతూ ఉంటాయి. చేరినప్పుడల్లా, పోయినప్పుడల్లా బరువు మళ్ళీ పంచాలి. ఈ పనిని రీబ్యాలెన్సింగ్ అంటారు. మనం సర్దుబాటు అందాం. సర్దుబాటు జరుగుతున్నంతసేపూ దుకాణం తెరిచే ఉంటుంది. వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. అడిగే ప్రోగ్రాంను క్లయింట్ అంటారు. సామాను సగం అక్కడా సగం ఇక్కడా ఉన్నప్పుడు ఆ క్లయింట్ ఎవరి తలుపు తట్టాలి? నేను ఏళ్ళ తరబడి పనిచేసినది ఈ ప్రశ్న చుట్టూనే.

ముందు ఒక చిన్న లెక్క. మనం దాచుకునే ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుంది. దాన్ని కీ అంటారు. ఆ పేరును ఒక సూత్రంలో వేస్తే ఒక సంఖ్య వస్తుంది. ఆ సూత్రాన్ని హాష్ అంటారు. అదే పేరును ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు వేసినా అదే సంఖ్య వస్తుంది. మూడు సర్వర్లు ఉంటే ఆ సంఖ్యను మూడుతో భాగించి శేషం చూస్తాం. శేషం సున్నా అయితే మొదటి సర్వరు, ఒకటైతే రెండోది, రెండైతే మూడోది. ఎవరినీ అడగనక్కరలేదు, ఏ పుస్తకమూ తిరగెయ్యనక్కరలేదు. చాలా అందమైన పద్ధతి.

నాలుగో సర్వరు వచ్చేదాకా అందంగానే ఉంటుంది. వీలున్నవాళ్ళు కాగితం తీసుకోండి. సున్నా నుంచి పదకొండు దాకా పన్నెండు సంఖ్యలు వరసగా రాయండి. ఒక్కోదాన్ని మూడుతో భాగించి శేషం పక్కన వేయండి. దాని పక్కనే నాలుగుతో భాగించిన శేషం వేయండి. రెండు శేషాలూ కలిసేవి సున్నా, ఒకటి, రెండు మాత్రమే. మిగతా తొమ్మిదింటికీ ఇల్లు మారిపోయింది. కొత్తగా వచ్చిన సర్వరుకు న్యాయంగా దక్కాల్సింది నాలుగోవంతు. దానికోసం ముప్పావు వంతు సామాను కదిలింది. పాత సర్వర్ల మధ్య కూడా అనవసరంగా అటుదిటూ ఇటుదటూ అయింది.

ఈ పద్ధతి ఎంతోకాలం వాడుకలో ఉంది. 2003లో బ్రాడ్ ఫిట్జ్‌పాట్రిక్ లైవ్‌జర్నల్ కోసం మెమ్‌క్యాష్‌డీ అనే సాఫ్ట్‌వేర్ రాశాడు. అందులో సర్వర్లకు ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. ఏ సర్వరుకు వెళ్ళాలో క్లయింటే లెక్క వేసుకుంటుంది. సర్వర్ల జాబితా మారితే లెక్క మారి, క్లయింట్ వేరే తలుపు తడుతుంది. ఆ సర్వరు తన అరలన్నీ వెతికి ‘లేదు’ అంటుంది. దాని తప్పేమీ లేదు. తన దగ్గర నిజంగానే లేదు. కానీ విన్నవాడికి ఆ మాట ‘లోకంలోనే లేదు’ అన్నట్టు వినబడుతుంది.

మన తెలుగులో ‘లేదు’ అన్న మాటకూ ‘నా దగ్గర లేదు’ అన్న మాటకూ మధ్య ఎంత దూరం ఉందో పల్లెలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. కంప్యూటర్లకు ఆ తేడా నేర్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. మెమ్‌క్యాష్‌డీ విషయంలో అసలు సమాచారం వెనకాల డేటాబేసులో భద్రంగా ఉంటుంది కాబట్టి, ‘లేదు’ అని విన్న క్లయింట్లన్నీ ఒక్కసారిగా ఆ డేటాబేసు మీద పడతాయి. అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది, కానీ సమాచారం మిగులుతుంది. అదే, వెనకాల ఏ డేటాబేసూ లేని అసలు కొట్టులో ఈ మాట వస్తే? క్లయింట్ ‘లేదట’ అని నమ్మి కొత్తగా ఒకటి సృష్టిస్తుంది. ఇప్పుడు ఒకే పేరుతో రెండు వస్తువులు రెండు చోట్ల ఉన్నాయి. ఏది నిజమో తేల్చడం ఎవరి తరమూ కాదు.

సామాను అనవసరంగా కదలడం అన్న బాధకు అంతకుముందే మందు కనిపెట్టారు. 1997లో అమెరికాలో ఎంఐటీకి చెందిన డేవిడ్ కార్గర్, టామ్ లైటన్, డేనియల్ లెవిన్, రీనా పాణిగ్రాహి మొదలైనవాళ్ళు కలిసి ఒక పరిశోధన పత్రం ప్రకటించారు. సంఖ్యలన్నిటినీ ఒక వలయంలా ఊహించుకుని, సర్వర్లను కూడా ఆ వలయం మీదే నిలబెడితే, కొత్త సర్వరు వచ్చినప్పుడు దాని పక్కవాడి వాటా మాత్రమే కొంత కదులుతుంది. దీన్ని కన్సిస్టెంట్ హాషింగ్ అంటారు. లైటన్, లెవిన్ ఆ మరుసటి ఏడాదే అకమాయ్ సంస్థను స్థాపించారు. లెవిన్ 31 ఏళ్ళ వయసులో, 2001 సెప్టెంబరు 11న, న్యూయార్కులో టవరును ఢీకొట్టిన మొదటి విమానంలో ప్రాణాలు కోల్పోయాడు. ఈ విషయం నేర్పేటప్పుడు ఆయన పేరు చెప్పకుండా నేను ఎప్పుడూ ముందుకు వెళ్ళను.

అయితే కన్సిస్టెంట్ హాషింగ్ సామాను తక్కువ కదిలేటట్టు చేసిందే గానీ, కదులుతున్న గంటసేపు ఏం చేయాలో చెప్పలేదు. బాబాయి ప్రశ్న అలాగే మిగిలింది.

ఆ ప్రశ్నకు నేను చూసినవాటిలో అతి స్పష్టమైన జవాబు రెడిస్ క్లస్టరులో ఉంది. రెడిస్‌ను సమాచారం దాచే సాఫ్ట్‌వేర్‌గా 2009లో ఇటలీలోని సిసిలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో మొదలుపెట్టాడు. చాలా సర్వర్లను ఒకటిగా కలిపే దాని క్లస్టర్ పద్ధతి 2015లో మూడో వెర్షనుతో అందరి చేతికీ వచ్చింది. దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం.

రెడిస్‌లో కీ నుంచి నేరుగా సర్వరుకు వెళ్ళరు. మధ్యలో అరలు ఉంటాయి. తపాలా సార్టింగు గదిలో గోడనిండా ఉండే చిన్న చిన్న అరల లాంటివే. వాటిని స్లాట్లు అంటారు. మొత్తం 16,384. ఈ సంఖ్య ఎప్పుడూ మారదు. ఒక కీ ఏ అరలో పడుతుందో అదీ మారదు. ఏ అరను ఏ సర్వరు మోస్తుంది అన్నదే మారుతుంది. మన పిన్ కోడు సంగతీ ఇంతే. 1972లో వచ్చిన ఆ ఆరంకెల్లో పోస్టుమాన్ పేరు లేదు. పోస్టుమాన్లు బదిలీ అవుతారు, బీట్లు మారతాయి, మీ పిన్ కోడు అలాగే ఉంటుంది.

16,384 ఎందుకన్నది చాలామంది విద్యార్థులు అడుగుతారు. సర్వర్లు తమలో తాము క్షేమ సమాచారాలు పంపుకుంటూ ఉంటాయి. ఆ ఉత్తరంలో ‘ఫలానా అరలు నావి’ అన్న చిట్టా ఉంటుంది, అరకు ఒక బిట్టు చొప్పున. 16,384 బిట్లంటే రెండు కిలోబైట్లు. 65,536 అరలు పెడితే ప్రతి ఉత్తరమూ ఎనిమిది కిలోబైట్లు అవుతుంది. రెడిస్ క్లస్టరును వెయ్యి సర్వర్ల లోపు వాడుకోవాలన్నది అనుకున్న హద్దు. ఆ హద్దుకు ఈ అరలు చాలు.

ఇప్పుడు ఒక నిజమైన కీ తీసుకుందాం. ప్రోగ్రామర్లు అలవాటుగా వాడే పేరు ‘ఫూ’. ఎఫ్, ఓ, ఓ అనే మూడు అక్షరాలు. రెడిస్ సూత్రంలో వేస్తే అది 12,182వ అరలో పడుతుంది. ఈ రోజు వేసినా, పదేళ్ళ తరవాత వేసినా అదే అర. మూడు సర్వర్లున్న క్లస్టరులో మామూలుగా మొదటిది సున్నా నుంచి 5,460 దాకా, రెండోది 10,922 దాకా, మూడోది చివరిదైన 16,383 దాకా మోస్తాయి. కాబట్టి ఫూ మూడో సర్వరుది.

క్లయింటుకు ఈ సంగతి తెలియదనుకోండి. మొదటి సర్వరును అడుగుతుంది. మొదటి సర్వరు తన అరలు వెతకనే వెతకదు. ‘12,182వ అర నాది కాదు’ అని దానికి ముందే తెలుసు. వెంటనే ‘మూవ్డ్’ అని జవాబిస్తుంది. ఆ మాట పక్కనే అర నంబరు, మూడో సర్వరు చిరునామా ఉంటాయి. క్లయింట్ తన దగ్గరున్న పటంలో ఆ అర ఎదురుగా మూడో సర్వరు పేరు రాసుకుని అక్కడికి వెళుతుంది. ఇక ఎప్పుడూ మొదటిదాని దగ్గరికి ఫూ కోసం రాదు. బాబాయికి చెప్పిన రెండో జవాబు ఇది: ఇల్లు మారారు, ఇకమీదట అక్కడికే వెళ్ళండి.

ఇక్కడ నాకు నచ్చేది ఏమిటంటే, క్లయింట్ పటం పాతబడినా ఎవరూ దాన్ని తప్పుపట్టరు. నువ్వు ముందు కొత్త పటం తెచ్చుకుని రా అని గుమ్మంలోంచి తరమరు. పాత చిరునామాతో రావడం బాబాయి నేరం కాదు. ‘ఇది నాది కాదు’ అని గుర్తించే భారం సర్వరు మీద పెట్టారు. ఆ ఒక్క నిర్ణయం వల్ల, పటం పాతదైతే ఆలస్యం అవుతుందే గానీ తప్పు జరగదు.

ఇప్పుడు నాలుగో సర్వరు వచ్చింది. మూడోదాని దగ్గరున్న అరల్లో కొన్ని దానికి ఇవ్వాలి. 12,182వ అర కూడా ఆ జాబితాలో ఉంది. ఆ అరలో ఫూ ఒక్కటే కాదు, వేల కీలు ఉండవచ్చు. ఒక్క క్షణంలో అన్నీ కదలవు.

ముందు ఎవరికి చెప్పాలి? తీసుకునేవాడికి. నాలుగో సర్వరుతో ‘ఈ అర మూడోదాని దగ్గర నుంచి నీకు వస్తోంది’ అని చెబుతారు. ఆ తరవాతే మూడోదానితో ‘ఈ అర నాలుగోదానికి ఇవ్వు’ అంటారు. తలకిందులు చేస్తే, మూడోది పంపించిన అతిథి నాలుగోదాని గుమ్మంలో నిలబడినప్పుడు, ఆ ఇంటివాళ్ళకు ఆయన ఎవరో తెలియదు. పాలు పొంగించాకే సామాను కదలాలని మన పెద్దలు పెట్టుకున్న వరస ఇక్కడా అంతే.

తరవాత కీలు ఒక్కొక్కటిగానో గుంపులుగానో బయలుదేరతాయి. మూడో సర్వరు ఒక కీని నాలుగోదానికి పంపుతుంది. అక్కడి నుంచి ‘అందింది’ అన్న కబురు వచ్చాకే తన దగ్గరున్నది చెరిపేస్తుంది. మధ్యలో తీగ తెగి కబురు రాకపోతే ఆ కీ రెండు చోట్లా ఉండిపోవచ్చు. ఎక్కడా లేకుండా మాత్రం పోదు. ఈ నియమం రాసినవాళ్ళకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

సరిగ్గా ఈ మధ్యలో క్లయింట్ ఫూ కోసం మూడోదాని తలుపు తట్టింది. ఫూ ఇంకా అక్కడే ఉంటే మూడోది ఎప్పటిలాగే ఇచ్చేస్తుంది. వెళ్ళిపోయి ఉంటే? ‘లేదు’ అనదు. ‘మూవ్డ్’ అని కూడా అనదు, ఎందుకంటే అర మొత్తం ఇంకా మారలేదు, సగం కీలు తన దగ్గరే ఉన్నాయి. ‘ఆస్క్’ అంటుంది. అంటే, ఈ ఒక్కదానికి నాలుగోదాన్ని అడుగు, నీ పటంలో మాత్రం ఏమీ మార్చకు, ఇదే అరలో ఇంకో కీ కావాలంటే ముందు నా దగ్గరికే రా. బాబాయికి చెప్పిన మూడో జవాబు ఇదే.

క్లయింట్ నాలుగోదాని దగ్గరికి వెళుతుంది. కానీ అర ఇంకా అధికారికంగా నాలుగోదానిది కాదు. ఊరికే అడిగితే అది ‘మూవ్డ్, మూడోదాని దగ్గరికి వెళ్ళు’ అని వెనక్కి పంపుతుంది. అందుకని క్లయింట్ ముందు ‘ఆస్కింగ్’ అనే ఒక్క మాట చెప్పాలి. నన్ను పాతింటివాళ్ళే పంపారు అని చెప్పడం అన్నమాట. ఆ మాట వినగానే నాలుగోది తలుపు తీస్తుంది, ఆ ఒక్క ప్రశ్న వరకే. ఈ అరలో ఈలోగా ఎవరైనా కొత్త కీ పెట్టాలన్నా ఇదే దారి. మూడోదాని దగ్గర అది ఉండదు కాబట్టి ‘ఆస్క్’ వస్తుంది, కొత్త కీ నేరుగా కొత్తింట్లోనే పుడుతుంది. అలా పాతింట్లోకి కొత్త సామాను రాదు. ఉన్నది ఖాళీ అయిపోతుంది.

చివరి కీ కూడా వెళ్ళాక అర నాలుగోదానిదే అని ప్రకటిస్తారు. ఆ కబురు క్షేమ సమాచారాల ఉత్తరాల్లో మిగతా సర్వర్లకూ పాకుతుంది. అప్పటి నుంచి మూడోది ‘ఆస్క్’ అనడం మానేసి ‘మూవ్డ్’ అనడం మొదలుపెడుతుంది.

ఈ రెండు మాటల తేడా పుస్తకంలో చదివితే చిన్నదిగానే కనబడుతుంది. నాకు అది అర్థమైనది ఒక రాత్రి. అప్పుడు పనిచేస్తున్న చోట, రద్దీ తగ్గాక సర్వర్ల సర్దుబాటు మొదలుపెట్టాం. పావుగంటలో ఫోన్లు మొదలయ్యాయి. కొందరికి యాప్ తెరుచుకోవడం లేదు, పక్కవాళ్ళకు బాగానే ఉంది. సర్వర్లు చూస్తే అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఒక్క సర్వరు కూడా పడలేదు. ఒక్క కీ కూడా పోలేదు. అయినా జనం గుమ్మం బయట ఉన్నారు.

ఆ రాత్రి నేను ఒకే ఒక్క ప్రశ్న ప్రయాణాన్ని పట్టుకుని చివరిదాకా వెంబడించాను. క్లయింట్ పాత సర్వరును అడిగింది. ‘ఆస్క్’ వచ్చింది. కొత్త సర్వరుకు వెళ్ళింది, కానీ ‘ఆస్కింగ్’ అన్న మాట చెప్పలేదు. ‘మూవ్డ్’ అని వెనక్కి పంపారు. పాతదానికి వచ్చింది. మళ్ళీ ‘ఆస్క్’. మళ్ళీ కొత్తది. మళ్ళీ ‘మూవ్డ్’. ఇన్నిసార్లు తిరిగాక ఇక చాలని క్లయింటులో ఒక హద్దు పెట్టి ఉంది. ఆ హద్దు దాటగానే చేతులెత్తేసింది. ఎవరిని అడిగినా దారి చూపించారు, ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఆ మనిషి మాత్రం రెండు గుమ్మాల మధ్య నడుస్తూనే ఉన్నాడు. క్లయింట్ లైబ్రరీ రాసినవాళ్ళు ‘ఆస్క్’, ‘మూవ్డ్’ రెండూ ఒకటే అనుకున్నారు. సర్దుబాటు లేని రోజుల్లో ‘ఆస్క్’ రానే రాదు కాబట్టి పరీక్షల్లో ఇది బయటపడలేదు. దిద్దడానికి పట్టింది రెండు మూడు వరసల మార్పు. కనుక్కోవడానికి తెల్లవారింది.

ఒక చిక్కు ఇంకా ఉంది. రెడిస్‌లో ఒకే అరలో ఉన్న రెండు మూడు కీలను ఒకేసారి అడగవచ్చు. కావాలనే ఒకే అరలో పడేటట్టు పేర్లు పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. సర్దుబాటు మధ్యలో వాటిలో ఒకటి వెళ్ళిపోయి, ఒకటి మిగిలిపోతే? పాత సర్వరు పూర్తిగా ఇవ్వలేదు, కొత్తదీ ఇవ్వలేదు. అప్పుడు ‘ట్రై ఎగైన్’ అంటుంది, కాసేపాగి మళ్ళీ రమ్మని. సగం ఇచ్చి ఇంతే అని చెప్పడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు. పప్పు గిన్నె ఇక్కడ, పోపు గరిటె అక్కడ ఉన్నప్పుడు భోజనానికి కాసేపు ఆగమనడమే మర్యాద.

అందరూ రెడిస్ దారిలోనే వెళ్ళలేదు. గ్లస్టర్ అనే ఫైళ్ళ వ్యవస్థ ఉంది. దాని అభివృద్ధి చాలావరకు బెంగళూరులో జరిగింది. దాన్ని తయారుచేసిన సంస్థను 2011లో రెడ్ హ్యాట్ కొనుక్కుంది. అందులో దారి చూపే చీటీ తలకిందులుగా ఉంటుంది. కొత్త లెక్క ప్రకారం ఫైలు ఉండాల్సిన చోట అది ఇంకా చేరకపోతే, అక్కడ ఒక ఖాళీ ఫైలు పెడతారు. పరిమాణం సున్నా. దాని మీద ‘అసలు ఫైలు ఇంకా ఫలానా చోటే ఉంది’ అని రాసి ఉంటుంది. రెడిస్‌లో పాతింటి తలుపుకు కొత్త చిరునామా తగిలిస్తే, గ్లస్టరులో కొత్తింటి తలుపుకు పాత చిరునామా తగిలిస్తారు. క్లయింట్ కొత్త లెక్క వేసుకున్నా దారి తప్పదు. చీటీ కూడా లేకపోతే అన్ని చోట్లా వెతకాల్సి రావచ్చు. అప్పుడు అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టేది అసలు లేనే లేని ఫైలు. ‘లేదు’ అని నిజాయతీగా చెప్పాలంటే ప్రతి ఇంటికీ వెళ్ళి రావాలి మరి.

సెఫ్ అనే వ్యవస్థను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా క్రూజ్ ప్రాంగణంలో సేజ్ వైల్ తన పరిశోధనగా తయారుచేశాడు. 2006లో పత్రాలు వచ్చాయి. అందులో క్లయింట్ చేతిలో క్లస్టర్ మొత్తం పటం ఉంటుంది, ప్రతి పటానికీ ఒక వరస సంఖ్య ఉంటుంది. ఆ పటం ఆధారంగా వస్తువు ఏ డిస్కు మీద ఉండాలో క్లయింటే లెక్క వేసుకుంటుంది. కొత్త డిస్కు చేరగానే లెక్క కొత్త డిస్కు వైపు చూపిస్తుంది, కానీ అది ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఆ డిస్కు తరఫువాళ్ళే ముందుకొచ్చి, ‘నాకు సామాను అందేదాకా పాతవాళ్ళనే కొనసాగించండి’ అని పటంలో ఒక తాత్కాలిక గుర్తు వేయించుకుంటారు. ఉండాల్సినవాళ్ళ జాబితా ఒకటి, ప్రస్తుతం పని చేస్తున్నవాళ్ళ జాబితా ఒకటి. నిండడం పూర్తయ్యాక గుర్తు చెరిపేస్తారు. బాధ్యత తీసుకున్నవాడే ‘నేనింకా సిద్ధంగా లేను’ అని చెప్పుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

కసాండ్రా అనే డేటాబేసుది ఇంకో దారి. అమెజాన్ తన డైనమో అనే వ్యవస్థ గురించి ప్రకటించిన పత్రం రాసినవాళ్ళలో ఒకరైన అవినాశ్ లక్ష్మణ్, ప్రశాంత్ మాలిక్‌తో కలిసి ఫేస్‌బుక్‌లో దాన్ని తయారుచేశాడు. కొత్త సర్వరు చేరుతున్నంతసేపూ రాయాల్సినవి పాతవాళ్ళకూ కొత్తవాడికీ ఇద్దరికీ పంపుతారు, చదవడానికి మాత్రం పాతవాళ్ళ దగ్గరికే వెళతారు. ఖాతా పుస్తకాలు రెండు తెరిచి, చూసేది పాతదే చూడటం లాంటిది.

ఇంతా విన్నాక ఒక అనుమానం రావాలి. క్లయింట్ దగ్గర పాత పటం ఉంచుకోవడం దేనికి, ప్రతిసారీ అడిగి వెళ్ళవచ్చు కదా అని. గూగుల్ 2006లో బిగ్‌టేబుల్ అనే వ్యవస్థ గురించి రాసిన పత్రంలో దీనికి సూటి లెక్క ఉంది. క్లయింటుకు చిరునామా అసలేమీ తెలియకపోతే మూడు రానుపోను ప్రయాణాల్లో కనుక్కుంటుంది. చేతిలో ఉన్న చిరునామా పాతదైతే ఆరు దాకా పట్టవచ్చు, ఎందుకంటే అది పాతదని వెళ్ళి తలుపు తడితే గానీ తెలియదు. తెలియకపోవడం కంటే పాతది తెలియడం ఖరీదు. అయినా దాచుకునే వెళతారు. ఎందుకంటే ఇళ్ళు రోజూ మారవు. చాలాసార్లు పాత చిరునామాయే సరైన చిరునామా అయి ఉంటుంది, అప్పుడు వెతుకులాట ఏమీ ఉండదు. మారిన ఆ కాస్తసేపు మాత్రం పాతింటివాడి మాట మీద ప్రపంచమంతా ఆధారపడుతుంది.

వింటున్నవాళ్ళలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు, ఇప్పుడే ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఉంటారు. మీకు ఒక విన్నపం. వచ్చే ఆదివారం మీ లాప్‌టాప్‌లోనే మూడు రెడిస్ సర్వర్లు లేపి క్లస్టరుగా కలపండి. డబ్బు ఖర్చు లేదు. ఫూ పేరుతో ఏదైనా రాయండి, 12,182 అన్న సంఖ్య మీ తెర మీద కనబడుతుంది. నాలుగో సర్వరు చేర్చి ఆ అరను కదిలించడం మొదలుపెట్టండి, కానీ మధ్యలో ఆపేయండి. ఫూ ఒక చోట, అదే అరలోని ఇంకో కీ మరో చోట ఉండేటట్టు వదిలేయండి. అప్పుడు మీ ఆఫీసులో, మీ ప్రాజెక్టులో వాడే క్లయింట్ లైబ్రరీతో ఆ రెండు కీలనూ అడగండి. ‘ఆస్క్’ వచ్చినప్పుడు అది ‘ఆస్కింగ్’ అని చెబుతోందో లేదో, తన పటాన్ని మార్చకుండా ఉంచుతోందో లేదో మీ కళ్ళతో చూడండి. చెప్పకపోతే ఆ లైబ్రరీ రాసినవాళ్ళకు రాయండి, వీలైతే దిద్ది పంపండి.